ఒకే గంట, రెండు అర్థాలు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గనుల షాఫ్టులో మనుషులను దింపే పంజరానికి గంటలే భాష. ఆ భాషలో ఒక విచిత్రం ఉంది. పంజరం ఆగి ఉండగా ఒక గంట మోగితే పైకి లాగమని అర్థం. కదులుతూ ఉండగా అదే ఒక గంట మోగితే ఆపమని అర్థం. మెదడులోని నాడీకణాలు హార్మోన్ల మాట వినే తీరు ఇంచుమించు ఇటువంటిదే.

మూత్రపిండాలపై టోపీలవలె కూర్చున్న అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును స్రవిస్తాయి. తెల్లవారుజామున అది సహజంగా పెరిగి రాత్రికి తగ్గుతుంది. భయాందోళనలు కలిగితే ఏ వేళనైనా ఎగబాకుతుంది. అయితే దానిని పట్టుకునే ప్రోటీను, అనగా గ్రాహకం, కణంలో ఉంటేనే దాని మాట చెల్లుతుంది. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున న్యూట్రినోల జాడ పట్టిన శాస్త్రజ్ఞులకు, ఆ కణాలు దాదాపు దేనినీ తాకకుండా భూమినే దాటిపోవడం పెద్ద చిక్కు. హార్మోను సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం.

ఈ వర్గపు హార్మోను, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో వచ్చి నిలుస్తుందని 1968లో బ్రూస్ మెక్‌యూవెన్ బృందం ఎలుకలలో చూపింది. అక్కడ గ్రాహకాలు రెండు రకాలని 1985లో రూల్, డి క్లోయెట్ వేరుపరిచారు. మొదటిదైన మినరలోకార్టికాయిడ్ గ్రాహకం హార్మోనును దాదాపు పదిరెట్లు గట్టిగా పట్టుకుంటుంది. కనుక హార్మోను తక్కువగా ఉన్న వేళ కూడా చాలావరకు నిండే ఉంటుంది. రెండవదైన గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం హార్మోను బాగా పెరిగినప్పుడే నిండుతుంది.

ఆందోళన మొదలైన కొద్ది నిమిషాలలోనే కణపు పొర వద్దనున్న మొదటి రకం గ్రాహకాలు గ్లుటమేట్ విడుదలను పెంచి హిప్పోకాంపస్‌ను చురుకుపరుస్తాయి. గంట గడిచేసరికి రెండవ రకం, కేంద్రకంలో జన్యువుల పనిని మార్చి, ఆ ఉద్రేకాన్ని అణచనారంభిస్తుంది. రెండూ ఒకే డి.ఎన్.ఎ. స్థానాలపై కూర్చోగలవు; ఒక్కొక్కప్పుడు జతకట్టి కూర్చుంటాయి కూడా. కణానికి అందే తుది ఆజ్ఞ ఆ రెండింటి పాళ్లను బట్టి ఉంటుంది. కార్టిసాల్‌ను ఉత్త శత్రువుగా వర్ణించే ఆరోగ్య వ్యాసాలు ఈ సంగతి మరచిపోతాయి.

చదివినదంతా పరీక్ష మందిరంలో మరచి, గేటు దాటగానే గుర్తు తెచ్చుకునే పిల్లవాడు ప్రతి బడిలోనూ ఉంటాడు. వాడు చదవనే లేదని ఇంట్లో తీర్పు చెప్పేస్తారు. 2000లో డి క్వెర్వైన్ బృందం పెద్దవారికి కార్టిసోన్ మాత్ర ఇచ్చి చూసింది. మాటల జాబితాను నేర్చేముందు మింగినవారికి నష్టం కనిపించలేదు; మరునాడు అప్పజెప్పడానికి గంట ముందు మింగినవారు మాత్రం వెనుకబడ్డారు. పరీక్షనాటి ఉదయం గడపలో నిలబెట్టి చేసే బెదిరింపు, ఈ లెక్కన, సరిగ్గా చేయకూడని వేళలో చేసే పని.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటినుండి ఎన్నో ఇళ్లలో పెద్దవారు తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కి చీకటిపడ్డాక తిరిగివస్తున్నారు. పిల్లలు అవ్వల చేతిలో పెరుగుతున్నారు. ఈ పెంపకానికీ ఆ గ్రాహకాలకూ సంబంధం ఏమిటన్న ప్రశ్నకు ఎలుకలు కొంత జవాబు ఇచ్చాయి. తల్లి ఎక్కువగా నాకి సాకిన పిల్లలకు హిప్పోకాంపస్‌లో రెండవ రకం గ్రాహకాలు హెచ్చుగా ఉన్నాయనీ, అవి బెదిరినా త్వరగా కుదుటపడ్డాయనీ 1997లో మైఖేల్ మీనీ బృందం ప్రకటించింది. 2004లో అదే బృందం పుట్టిన వెంటనే పిల్లలను తల్లుల మధ్య మార్చి చూసింది. ఎలుకలో తేలినదంతా మనిషికి యథాతథంగా వర్తించదు. కానీ ఆ పిల్లల గ్రాహకాల జన్యువుపై కనిపించిన గుర్తులు కన్నతల్లి తీరును కాక, పెంచిన తల్లి తీరునే అనుసరించాయి.