పేస్టుకు తక్కువ ఖర్చు ట్యూబు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాలు చేసి చూసినది

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఈ మూడు చోట్ల పేస్టు చేసే సంఘాల తరఫున మాట్లాడమని మాకు చెప్పినారు. పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఈ పుస్తకంలోనే వేరే పేజీల్లో ఉన్నాయి, అవి మేము చదవం. మేము చెప్పేది ట్యూబు సంగతి. కాలిన పుండుకు పూసే మందు వస్తుంది చూడండి, నొక్కితే నొక్కినచోటే ఉండిపోయే రేకు ట్యూబు, అది.

పేస్టు ఎందుకని మదనపల్లె వైపు వాళ్ళకు చెప్పే పని లేదు. 2023 జూలైలో మన మార్కెట్టులో టమోటా కిలో నూరు రూపాయలు దాటింది, టీవీలన్నీ మన మండీల్లోనే ఉన్నాయి. అదే కాయ కిలో రెండు, మూడు రూపాయలకు పడిపోయిన రోజు ఏ టీవీ రాదు. కోత కూలి, బాక్సు బాడుగ, బండి బాడుగ కూడా రాక కాయను తోటలోనే వదిలేసిన ఇళ్ళు ఈ హాల్లో ఎన్ని ఉన్నాయో చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయి. ఆ రోజుల్లో కాయ కొని ఉడికించి పేస్టు చేయాలని మేము మొదలుపెట్టినాం. టమోటాలో నూటికి తొంభై నాలుగు, తొంభై ఐదు పాళ్ళు నీళ్ళే. పేస్టు అని పేరు పెట్టి అమ్మాలంటే అందులో సారం కనీసం 25 శాతం ఉండాలి. తోలు, గింజ తీసేస్తే దాదాపు ఆరు కిలోల కాయకు ఒక కిలో పేస్టు. కట్టెల ఖర్చు, గ్యాసు ఖర్చు మీకే తెలుసు.

చేయడం మనకు కష్టం కాదు. పెట్టడమే కష్టం. గాజు సీసాలో పెడితే మూత తీసిన వారానికి పైన బూజు. తడి గరిటె పెట్టకండమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా ఇంట్లో ఎవరో ఒకరు పెడతారు. కుప్పం నుంచి బెంగుళూరుకు పంపితే సీసా బరువుకు, పగిలేదానికి లాభం సరి. కవర్లో పెడితే ఒకసారి కత్తిరించినాక రబ్బరు బ్యాండు వేసి దాచాల్సిందే. ప్లాస్టిక్ ట్యూబు నొక్కి వదిలితే మళ్ళీ ఉబ్బుతుంది, ఉబ్బేటప్పుడు బయటి గాలిని లోపలికి లాగుతుంది. రేకు ట్యూబు ఉబ్బదు. ఎంత తీసినామో అంత చదునై పడి ఉంటుంది, మిగిలిన పేస్టుకు గాలి తగలదు. చెంచా పెట్టే పనే లేదు.

ఇదేం కొత్తది కాదు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అని ఒక అమెరికా చిత్రకారుడు లండన్‌లో ఉండి ఈ ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు బొమ్మలేసేవాళ్ళు నూనె రంగులను పంది మూత్రాశయంలో మూటకట్టి పెట్టుకునేవాళ్ళంట, సూదితో పొడిచి రంగు తీస్తే మిగిలింది ఎండిపోయేది. ఆయన తగరం రేకుతో ట్యూబు చేసి మూత పెట్టినాడు. ఇటలీలో ముట్టి అనే కంపెనీ 1951లో టమోటా పేస్టును ట్యూబులో పెట్టింది. ఆ ట్యూబు మూత, కుట్టుపని చేసేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే టోపీ. పేస్టు అయిపోతే టోపీ ఆడవాళ్ళకు మిగులుతుంది. ఈ ఆలోచన చేసినవాళ్ళెవరో గానీ ఇంటి సంగతి తెలిసినవాళ్ళు.

ఇప్పుడు అసలు కష్టం. తగరం ఖరీదు కాబట్టి ఇప్పుడు వచ్చేవి అల్యూమినియం ట్యూబులు. అల్యూమినియం గిన్నెలో పులుసు రాత్రంతా ఉంచితే ఏమవుతుందో మన అవ్వలకే తెలుసు. టమోటాలో పులుపు ఉంది, మనం ఉప్పు కూడా వేస్తాం. రెండూ కలిసి రేకును తింటాయి. చుక్కలు చుక్కలుగా చిల్లులు పడతాయి, పేస్టు రుచి మారుతుంది. ఇత్తడి గిన్నెకు కళాయి పూయించినట్టు, ఈ ట్యూబుకు లోపల ఒక పూత ఉండాలి. తయారుచేసేవాళ్ళు దాన్ని లక్కర్ అంటారు. లోపల చల్లి కాలుస్తారు. ఆయింట్‌మెంటుకు చేసినది, జిగురుకు చేసినది తక్కువకు వస్తుందని కొనకండి. ఆహారానికి తగినది అని రాసిచ్చిన కాగితం అడగండి. ఇవ్వనివాళ్ళ దగ్గర కొనవద్దు.

కాగితం ఒక్కటే చాలదు. వచ్చిన ప్రతి పెట్టెలోంచి నాలుగైదు ట్యూబులు తీసి మేము ఇట్లా చూస్తాం. తోటలకు కొట్టే మైలుతుత్తం ఉంది కదా, దాన్ని ప్లాస్టిక్ మగ్గులో నీళ్ళల్లో కరగబెట్టి, కొంచెం ఉప్పు వేసి, మూత బిగించిన ట్యూబులో వెనక నుంచి పోసి ఒక గంట నిలబెడతాం. తర్వాత పారబోసి, ట్యూబును నిలువుగా కత్తిరించి విప్పుతాం. పూత బాగుంటే లోపల పోసినప్పుడు ఎట్లుందో అట్లే ఉంటుంది. పూత లేనిచోట ఎర్రగా రాగి మచ్చ పట్టుకుంటుంది. మెడ దగ్గర, భుజం మలుపు దగ్గర మచ్చలు ఎక్కువ. మైలుతుత్తం విషం. ఆ ట్యూబు, ఆ మగ్గు మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. ఆ నీళ్ళు గొడ్లు తాగేచోట, కాలువలో పోయకూడదు.

ఈ ట్యూబు ఎట్లా పుడుతుందో తెలిస్తే ధర బేరం తెలుస్తుంది. రూపాయి బిళ్ళ లాంటి అల్యూమినియం బిళ్ళను అచ్చులో పెట్టి ప్రెస్సు ఒక్క దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బకు లోహం పైకి పాకి గొట్టం అయిపోతుంది. దాన్ని కోసి, మెడకు మర వేసి, మెత్తబడేందుకు కాల్చి, లోపల పూత, బయట రంగు, మూత. తోక వైపు తెరిచే మన దగ్గరికి వస్తుంది. మనం అటునుంచి నింపి మడుస్తాం. ఈ ప్రెస్సు మీరే కొనుక్కోండి, లోను మేమే ఇప్పిస్తాం అని ఒక ఏజెంటు మా దగ్గరికి మూడుసార్లు వచ్చినాడు. మేము ఒక్కటే అడిగినాం: పూత వేసే మిషను, కాల్చే ఓవెను ఇందులో ఉన్నాయా? లేవు. పూత లేని గొట్టం పేస్టుకు పనికిరాదు. పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఆహారం తయారుచేసే సంఘ సభ్యురాలికి అప్పుడు ప్రారంభ పెట్టుబడి 40,000 రూపాయల వరకు ఉండింది. ఆ డబ్బు గిన్నెలకు, సామాన్లకు, సరుకు కొనడానికి. దాన్ని ఇట్లాంటి ప్రెస్సులో పోయడానికి మేము ఒప్పుకోలేదు, ఎవరూ ఒప్పుకోవద్దని చెబుతున్నాం. ట్యూబు చేయడం వాళ్ళ పని. ఎట్లాంటి ట్యూబు కావాలో తేల్చడం మన పని.

ఖర్చు ఎక్కడ తగ్గుతుందంటే, రేకులో కాదు, ఆర్డరులో. ఒక సంఘం వెయ్యి ట్యూబులు అడిగితే ఫోను కూడా సరిగా ఎత్తరు. రంగు అచ్చు వేయించాలంటే ప్రతి పేరుకూ వేరే ఖర్చు. అందుకని మూడు ఊర్లవాళ్ళం కూర్చుని ఒకే సైజు, ఒకే మెడ, ఒకే మూత, బయట ఉత్త తెలుపు అని తీర్మానం రాసుకున్నాం. మదనపల్లెవాళ్ళది టమోటా, కుప్పంవాళ్ళది చింతపండు, పుంగనూరువాళ్ళది అల్లం వెల్లుల్లి. ట్యూబు ఒకటే, అంటించే కాగితం వేరు. కాగితం ఎక్కడ అంటించాలనే దానికి ఒక పూట పోయింది. వాడేకొద్దీ తోక వైపు చుట్టుకుపోతుంది కదా, అక్కడ అంటించిన కాగితం మూడో రోజుకే చిరుగుతుంది. పేరు, తూకం, తయారైన తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు అన్నీ మూతి పక్క భుజం కింద రావాలి. చివరిదాకా చదవగలిగేది అక్కడే. మేము రిజిస్ట్రేషన్ తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకానికి ఫీజు ఏడాదికి 100 రూపాయలే. ఖర్చని ఎవరూ మానుకునేంతది కాదు.

మెడ సంగతి కుప్పం అక్కలు తేల్చినారు. చింతపండులో పీచు, ఈనె ఎంత వడగట్టినా ఒకటో రెండో మిగులుతాయి. సన్న మూతి ట్యూబులో ఒక్క ఈనె అడ్డం పడితే కొన్నవాళ్ళు గట్టిగా నొక్కుతారు, అప్పుడు తోక మడత విచ్చుకుంటుంది, చీర మీద పడుతుంది. టమోటా గింజదీ అదే కథ. కాబట్టి వెడల్పు మూతి, సన్న జల్లెడ, రెండూ కావాలి. మూతి మీద పల్చటి రేకు మూసి ఉండే రకమే తీసుకున్నాం, మూత తిరగేసి దాని మొనతో పొడుచుకోవాలి. ఎవరూ ముందే తెరవలేదని కొన్నవాళ్ళకు తెలియాలి కదా.

నింపడానికి మిషను కొనలేదు. మురుకుల గొట్టం వాడినాం. స్టీలుది, పెద్ద రంధ్రం ఒక్కటే ఉన్న బిళ్ళ వేసి, గోరింటాకు కోను నింపినట్టే. టమోటా పేస్టును 85 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా నింపాలి, థర్మామీటరు పెట్టి చూడాలి. రేకు వెంటనే కాలుతుంది, చేత్తో పట్టుకోలేం. అందుకని వడ్రంగి చేత ఒక దిమ్మెకు ఇరవై రంధ్రాలు వేయించినాం. ట్యూబులను మూతి కిందికి పెట్టి నిలబెడితే ఇద్దరు మనుషులు సులువుగా నింపుతారు. పైన రెండు వేళ్ళ మందం ఖాళీ వదలాలి, అక్కడ లోపల పేస్టు అంటకూడదు. అంటితే మడత పట్టదు.

మడతకు స్టీలు స్కేలు, ఒక కటింగ్ ప్లయరు. ప్లయరు నోటికి రెండు పట్టీలు వెల్డింగు షాపులో అతికించుకున్నాం. ఇక్కడ ఒక లెక్క ఉంది. 30 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న గొట్టాన్ని అదిమితే 47 మిల్లీమీటర్ల వెడల్పు అవుతుంది. పట్టీ 50 ఉంటే ఒకే నొక్కుకు అంతా పడుతుంది. అంతకు తక్కువైతే రెండు నొక్కులు, మధ్యలో సందు. స్కేలుతో రెండుసార్లు మడిచి ఒకసారి నొక్కాలి. తోక లోపల రబ్బరు పాల గీత ఉన్న ట్యూబునే అడగండి, మడత అతుక్కునేది దానితోనే. తర్వాత ట్యూబును పాత పేపరు మీద పడుకోబెట్టి పైన ఇటుక పెట్టి రాత్రంతా వదిలితే, పొద్దున పేపరు మీద మరక ఉందా లేదా అన్నదే పరీక్ష. తూకం కూడా ట్యూబు మీద నమ్మకంతో రాయకూడదు. నీళ్ళు పట్టినంత పేస్టు అదే బరువు తూగదు, పేస్టు కొంచెం ఎక్కువ తూగుతుంది. నింపినదాన్ని కాటాలో పెట్టి, ఖాళీ ట్యూబు బరువు తీసేసి రాయాలి.

పుంగనూరు చెల్లెళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పాలి, వాళ్ళకు ముందే చెప్పినాం, వాళ్ళు కోపం చేసుకోరు. టమోటా, చింతపండు పుల్లటివి, అందుకే నిలవ ఉంటాయి. అల్లం వెల్లుల్లి పులుపు కాదు. గాలి తగలని చోట, పులుపు లేని చోట పెరిగే ఒక క్రిమి ఉంది, దాని విషం ప్రాణం తీస్తుంది. వాసన రాదు, రంగు మారదు, ట్యూబు కూడా ఉబ్బకపోవచ్చు. మనం గాలి తగలకూడదని పడిన కష్టమంతా ఆ క్రిమికి సాయం. అందుకని అల్లం వెల్లుల్లిలో వెనిగరో నిమ్మ ఉప్పో కలిపి, ల్యాబులో పులుపు ఎంతుందో చూపించి, కాగితం చేతికి వచ్చేదాకా ట్యూబుల్లో నింపేది లేదు. పులుపు 4.6 పీహెచ్ కంటే కిందికి రావాలి, ఇంకా తక్కువైతే ఇంకా మంచిది. ఆ సంఘం ఒక నెల ఆర్డర్లు వదులుకుని ఇప్పుడు ఆ పని మీదే ఉంది. వాళ్ళకు నష్టమే. ఆ నెల వాళ్ళ కిస్తీ కోసం గ్రామ సంఘం సర్దాలని ఇక్కడే అడుగుతున్నాం.

కొనేదెవరు అని అధ్యక్షురాలమ్మ అడిగినారు. పెరట్లో టమోటా చెట్టు ఉన్న ఇల్లాలు కొనదు, ఆమెకు అవసరం లేదు. కుప్పం స్టేషను నుంచి బెంగుళూరు రైలెక్కి పనికి పోయేవాళ్ళు, అక్కడ గదుల్లో నలుగురైదుగురు కలిసి వండుకునే పిల్లలు, హాస్టళ్ళవాళ్ళు, లారీ మీద స్టవ్ పెట్టుకునే డ్రైవర్లు, వీళ్ళు కొంటారు. ఒక పూటకు రెండు అంగుళాలు నొక్కితే పప్పులోకి చాలు. కుప్పం అక్కలు పది రూపాయల చిన్న ట్యూబు కావాలంటారు. మేము ఒప్పుకోలేదు. చిన్న ట్యూబుకూ మూత, మెడ, పూత అన్నీ అంతే ఖర్చు, లోపల పేస్టు మాత్రం తక్కువ. కొన్నవాళ్ళు రేకుకే డబ్బిస్తారు. ఈ గొడవ ఇంకా తెగలేదు, వచ్చే నెల మీటింగులో మళ్ళీ వస్తుంది.

వాడేసిన ట్యూబును కడిగి చదును చేసి పెడితే పాత సామాన్లు కొనేవాళ్ళు అల్యూమినియం లెక్కన తీసుకుంటారు. ప్లాస్టిక్ కలిసిన ట్యూబు తీసుకోరు.

రెండో ఆర్డరు మూడు ఊర్లూ కలిపే వేయాలని తీర్మానం రాసి తెచ్చినాం. సంతకాలు పెట్టే ముందు అటు బల్ల మీద ఉన్న ట్యూబులు తీసుకుని నొక్కి, మడిచి, మూత పొడిచి చూడండి. ఎర్ర దారం కట్టినవి మాత్రం ముట్టకండమ్మా, అవి మైలుతుత్తం పోసినవి.