గడ్డి మైదానంలో సన్న తూటా

అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో పశువులు పెంచేవాళ్లకు ప్రెయిరీ డాగ్ అంటే చిరాకు. పేరుకే డాగ్, నిజానికి ఉడుత జాతి. నేలంతా బొరియలు తవ్వి, పశువుల గడ్డి మేసేస్తుంది. దాన్ని కొట్టడానికి చాలామంది వాడేది చిన్న కొలత రైఫిలే. 2002లో నెబ్రాస్కాకు చెందిన హోర్నడీ కంపెనీ పాయింట్ 17 హెచ్‌ఎంఆర్ తూటా తెచ్చింది; పేరులోని అంకె అంగుళాల్లో గుండు అడ్డుకొలత, సుమారుగా. గుండు బరువు గ్రాము పైచిలుకు; వేగం సెకనుకు దాదాపు 777 మీటర్లు. అందుకే వంద గజాల దాకా ఇంచుమించు తిన్నగా పోతుంది. తగలగానే చిట్లిపోతుంది కనుక రాతికి తగిలి పక్కకు ఎగిరే ప్రమాదం తక్కువ. అసలు లేదని కాదు. గాలి మాత్రం దాన్ని ఇట్టే పక్కకు నెట్టేస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు ముందు గడ్డి ఎటు ఊగుతోందో చూస్తారు.

గురి పోటీల్లో మాత్రం ఇప్పటికీ పాత పాయింట్ 22 కొలత రైఫిల్‌దే రాజ్యం. 50 మీటర్ల ఒలింపిక్ గురిలో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది ఈ కొలత రైఫిల్‌తోనే.

మళ్లీ వేటకొస్తే, నాకు మింగుడుపడనిది గుండ్లలోని సీసం. గుండు ముక్కలున్న కళేబరాలు తిని గద్దలు విషం పాలవుతాయి. సీసం లేని పాయింట్ 17 గుండ్లూ ఉన్నాయి మరి.