ఔన్సుల లెక్కలో దొరకని ఆడవాళ్ళు

(ఫిల్మ్‌నగర్‌లో సినీరంగ శ్రామిక మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమా వాళ్ళ మధ్య బంగారు గనుల కంపెనీ రికార్డుల గురించి ఎందుకు అని మీరనుకోవచ్చు. 2018లో, 2022లో వచ్చిన 'కె.జి.ఎఫ్.' సినిమాలు మీలో చాలామంది చూసే ఉంటారు. వాటి షూటింగు కొంత కోలారు గనుల దగ్గరి సైనైడ్ దిబ్బల మీద జరిగింది. అవి కొండలు కావు, మిల్లులు వదిలేసిన వ్యర్థం.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అక్కడ అడుగుపెట్టింది. మిల్లులో రాయిని పిండి చేసి, పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా పారించేవారు. మిగిలిన ఇసుకను సైనైడ్ నీళ్ళలో నానబెట్టి, జింకుతో బంగారాన్ని విడదీసేవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేనాటికి సుమారు 800 టన్నుల బంగారం తరలిపోయింది. 3 కోట్ల టన్నులకు పైగా పిండి అక్కడి ప్రజలకు మిగిలింది. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్ళలోకే వస్తుంది.

కంపెనీ నివేదికలు తిరగేస్తే ఎన్ని టన్నులు దంచారు, మిల్లులో ఎన్ని ఔన్సులొచ్చాయి, సైనైడ్‌తో ఎన్ని వచ్చాయి అని లెక్క పక్కాగా ఉంటుంది. తమిళనాడు నుంచి, మన చిత్తూరు వైపు నుంచి వెళ్ళిన కూలీలు మాత్రం వట్టి అంకెలు. వాళ్ళ వేలిముద్రలు తీసుకోవాలని 1930లో యాజమాన్యం పట్టుబడితే వేలాదిమంది సమ్మె కట్టారు. రికార్డు ఎవరి చేతిలో ఉంటే అధికారం వాళ్ళదేనని ఆ కూలీలకు తెలుసు.

మరి స్త్రీలు? 1952 గనుల చట్టం వాళ్ళను భూగర్భంలో పనికి రానివ్వలేదు. 2019లో గానీ కేంద్రం దాన్ని సడలించలేదు. కానీ గని ఇంటికే వచ్చింది. దుమ్ము పట్టిన బట్టలుతికింది ఆమే. సిలికోసిస్‌తో ఊపిరాడని భర్త పక్కన రాత్రంతా కూర్చుందీ ఆమే. ఈ చాకిరీ ఏ పద్దులోనూ లేదు. కాగితాలు మౌనంగా ఉన్నచోట మనుషుల్నే అడగాలని 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'తో మనకు చూపించింది. కోలారులోనూ ఆ పని జరగాలి, అదీ త్వరగా. ఆ దిబ్బల నుంచి మళ్ళీ బంగారం తీయడానికి 2024లో కర్ణాటక ప్రభుత్వం అంగీకరించింది. దిబ్బలు కదిలిస్తే రేగే దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో ఈసారైనా రాసిపెట్టాలి కదా!

మన సంగతీ ఇంతే. సినిమా ఎన్ని కోట్లు వసూలు చేసిందో అందరికీ తెలుసు. సెట్లో కాలు విరిగిన జూనియర్ ఆర్టిస్టు పేరు ఏ పుస్తకంలో ఉంది? తెలుగు సినీరంగంలో లైంగిక వేధింపులపై 2019లో తెలంగాణ ప్రభుత్వం వేసిన కమిటీ 2022లో నివేదిక ఇచ్చింది. దాన్ని బయటపెట్టండని 2024లో కూడా అడుక్కోవాల్సి వచ్చింది. తొక్కిపెట్టిన నివేదిక కూడా ఒక రకం సైనైడ్ దిబ్బే.

అందుకే అడుగుతున్నాను. పనిచేసిన రోజు, ఇచ్చిన కూలి, తగిలిన దెబ్బ, ఎదురైన వేధింపు, తేదీతో సహా మీరే రాసుకోండి. రాయడం రానివాళ్ళకు పక్కనున్నవాళ్ళు రాసిపెట్టండి. నష్టపరిహారం అడిగే రోజున ఆ కాగితమే మన సాక్షి.