మారుమూల పల్లెయు శాసనసభయు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)

  

గ్రంథాలయ రజతోత్సవ వేళ శాసనసభను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. కాని ఈ రెండింటికిని గల సంబంధము చిన్నది కాదు. గ్రంథాలయము లోకపు మాటను పల్లెకు తెచ్చును. శాసనసభ్యుడు పల్లె మాటను లోకమునకు కొనిపోవలసినవాడు. మొదటి పని సాగని చోట రెండవది కుంటుపడును. కరీంనగరము, ఆదిలాబాదు సీమల చరిత్రయే ఇందుకు సాక్ష్యము.

గోదావరికి దక్షిణమున కరీంనగరము, ఉత్తరమున ఆదిలాబాదు. ఆదిలాబాదునకు ఉత్తరమున పెన్‌గంగయు, తూర్పున వార్ధా, ప్రాణహితలును ఎల్లలు. నడుమ గుట్టలు, టేకు అడవులు, లెక్కకు మించిన వాగులు. 2016 వరకు ఒకే జిల్లాగా నుండిన ఆదిలాబాదు వైశాల్యము దాదాపు 16,000 చదరపు కిలోమీటర్లు. వానకాలమున ఒక్క వాగు పొంగిన చాలును. గూడెమునకును ఆసుపత్రికిని నడుమ త్రోవ తెగిపోవును. నొప్పులు పడుచున్న తల్లిని మంచముమీద పరుండబెట్టి నలుగురు మోసికొని వాగు దాటించుట ఈ సీమలో కట్టుకథ కాదు.

ఇట్టి ప్రజల మొర పూర్వము ఏలినవారి చెవికి ఎట్లు చేరెడిది? 1940లో జోడేఘాటు గుట్టలలో కొమురం భీము నేలకొరిగెను. ఆ నెత్తురు చిందిన పిదపనే నైజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులను తెలిసికొనుటకు హైమెన్‌డార్ఫ్ పండితుని పంపినది. ఆయన మార్లవాయి గ్రామమున నివసించి వారి బాధలను తెలిసికొనెను. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయుల శిక్షణకై కేంద్రమొకటి వెలసెను. కేస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల విన్నపములను వినెడి దర్బారును ఆ దశకముననే ఆరంభమయ్యెను. ఇది మేలే. అయినను తుపాకి మ్రోగిన తరువాత గాని వినని చెవి ఏ రాజ్యమునకును శోభ నీయదు. ఆ దోషమును తొలగించుటకే వోటు వచ్చినది, శాసనసభ వచ్చినది.

1952 ఎన్నికలలో ఆసిఫాబాదు నుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు వెళ్లిన కొండా లక్ష్మణ్ బాపూజీ ఆ సీమలోని వాంకిడి గ్రామమున జన్మించినవారే. పిమ్మట గోండు నాయకుడైన కోట్నాక భీమరావు అదే స్థానము నుండి సభకు ఎన్నికయ్యెను. ఆయన కుమార్తె కోవ లక్ష్మి 2014లోను, 2023లోను అచ్చటి నుండియే గెలుపొందిరి. బొగ్గుగనుల సీమకు చెందిన కమ్యూనిస్టు నాయకుడు గుండా మల్లేశు 1983, 1985, 1994 సంవత్సరములలో ఆసిఫాబాదు నుండియు, 2009లో బెల్లంపల్లి నుండియు సభ్యుడై, 2020లో కాలధర్మము చెందెను.

గోదావరి కీవల, అడవులతో నిండిన మంథని స్థానమునకు 1957 నుండి 1977 వరకు పి.వి. నరసింహారావు ప్రతినిధి. తరువాత 1983, 1985, 1989 ఎన్నికలలో దుద్దిళ్ల శ్రీపాదరావు అచ్చట గెలిచి, 1991లో సభాపతి పీఠము నధిష్ఠించెను. 1999 ఏప్రిల్ 13న ఆయన మహాదేవపురపు అడవి ప్రాంతముననే నక్సలైట్ల చేతిలో హతుడయ్యెను. మారుమూల పల్లెకు ప్రతినిధియై యుండుట ఒక్కొక్కప్పుడు ప్రాణములతో కూడిన పని యనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

అయితే పల్లె కష్టమును సభలో ఏకరువు పెట్టినంత మాత్రమున కార్యము నెరవేరునా? సభ్యునికి సాధనములు కలవు. ప్రశ్నోత్తరముల వేళ నక్షత్రపు గుర్తుగల ప్రశ్న వేసి మంత్రిచే నోటిమాటగా సమాధానము చెప్పించవచ్చును. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. పద్దుల చర్చలో కోత తీర్మానము పెట్టవచ్చును. మంత్రి సభలో ఇచ్చిన హామీలు నెరవేరినవో లేదో చూచుటకు ప్రత్యేకముగా ఒక సంఘమే కలదు. రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు ననుసరించి ఏర్పడు గిరిజన సలహా మండలిలో ఇరువదికి మించకుండ సభ్యులుండగా, అందు నాలుగింట మూడువంతుల మంది, సాధ్యమైనంతవరకు, శాసనసభలోని గిరిజన ప్రతినిధులే. సాధనములకు కొదువ లేదు. వానిని ప్రయోగించుటకు వలయు వివరములకే కొదువ.

ఒక్క ఉదాహరణ చాలును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము మైదానమున 30,000 జనాభాకు ఒకటి, గిరిజన ప్రాంతమున 20,000 జనాభాకు ఒకటి యని ప్రమాణము. ఉపకేంద్రము మైదానమున 5,000 మందికి, గిరిజన ప్రాంతమున 3,000 మందికి. 2000లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానపు ఊరికి 500 మంది యుండవలెను. షెడ్యూలు ప్రాంతపు ఊరికి 250 మంది చాలును. ఈ సడలింపులు దయాపూర్వకములే. కాని అన్నియు తలలను లెక్కించును. దూరమును లెక్కింపవు, వాగును లెక్కింపవు. గుట్టమీద ఇరువది ముప్పది ఇండ్లతో నున్న కోలాము గూడెము ఏ లెక్కకు అందును? 2023లో అత్యంత వెనుకబడిన తెగలకై ఆరంభమైన జన్‌మన్ పథకము ఆ అంకెను నూరునకు దించినది. ఆదిలాబాదు కోలాములును, తోటీలును ఆ తెగలలోనివారే. అంకె దిగుట సంతోషమే. అయినను నూరుమంది లేని గూడెమున పాము కరచినవాని ప్రాణము నూరుమంది గల గూడెములోని ప్రాణమునకు తీసిపోవునా? సభ్యుడు సభలో అడుగవలసిన ప్రశ్న ఇది. “మా కొక ఆసుపత్రి ఇండు” అనుట విన్నపము. “జనాభాతోపాటు దూరమును ప్రమాణముగా గ్రహింతురా?” అనుట ప్రశ్న. విన్నపమునకు చిరునవ్వు సమాధానమగును. ప్రశ్నకు ప్రభుత్వము లెక్క చెప్పవలసియుండును.

రెండవ చిక్కు అడవి. త్రోవ మంజూరైనను అటవీశాఖ అనుమతి లేదని ఆగిపోవుట కలదు. 2006 అటవీహక్కుల చట్టము ఇందుకు ఒక దారి చూపినది. బడి, వైద్యశాల, త్రోవ, చెరువు మొదలగు పనులకు ఒక్కొక్కదానికి హెక్టారునకు లోబడిన అటవీభూమిని, హెక్టారునకు 75 చెట్లకు మించి కొట్టకుండ, వినియోగింపవచ్చును. దానికి గ్రామసభ సిఫారసు చేయవలెను. అనగా మొదటి కాగితము హైదరాబాదులో పుట్టదు, గూడెములోనే పుట్టవలెను. ఆ కాగితము వ్రాయువాడు లేనిచో సభ్యుడెంత గొంతెత్తినను ఫలము స్వల్పము.

దూరపు ప్రజలు తమ గొంతును దగ్గరకు తెచ్చుకొనుట ఇతర దేశములందును జరిగినది. 1999లో కెనడా దేశపు ఉత్తర మంచుసీమలో ఇన్యూట్ ప్రజల కొరకు నునావుట్ అను ప్రత్యేక ప్రాంతమును, దానికొక శాసనసభను ఏర్పరచిరి. ఇచ్చటను 2016 అక్టోబరు 11న ఆదిలాబాదు నాలుగు జిల్లాలైనది. కరీంనగరమును పలు జిల్లాలైనది. కలెక్టరు కచేరి దగ్గరైనది. కాని కచేరి దగ్గరైనంతనే గూడెపు మాట అక్కడికి తనంత తాను నడిచి పోదు.

ఇచ్చటనే గ్రంథాలయపు కర్తవ్యము తటస్థించుచున్నది. వార్తాపత్రిక చదువుటతోను, నవల ఇంటికి గొనిపోవుటతోను గ్రంథాలయపు పని ముగియరాదు. బల్లమీద గ్రామ దినచర్య పుస్తక మొకటి యుండవలెను. వాగు ఏ తేదీన పొంగినది, ఎన్ని దినములు త్రోవ తెగినది, ఉపాధ్యాయుడు నెలలో ఎన్ని దినములు వచ్చినాడు, జ్వరములు ఏ నెలలో ఎక్కువైనవి, మందు ఎప్పుడు లేకపోయినది – ఇవి అందు వ్రాయబడవలెను. గూడెమువారు గోండిలోనో కోలామిలోనో చెప్పినను, చదువుకొన్న యువకుడు తెలుగున వ్రాయవచ్చును. శాసనసభ్యుడు ఊరికి వచ్చినప్పుడు పూలదండకు బదులు ఆ పుస్తకములోని ఒక పుటకు నకలు చేతికీయవలెను. తేదీలతో కూడిన పుటను సభలో చదివిన సభ్యునికి “అతిశయోక్తి” యని బదులు చెప్పుట ఏ మంత్రికిని సులభము కాదు. మరుసటి సంవత్సరము అదే సభ్యుని ఎదుట ఆ పుస్తకమే తెరచి, “ఆ ప్రశ్న ఏమైనది?” అని అడుగు హక్కును ఊరికి దక్కును.

ఇరువదియైదు సంవత్సరములు ఊరిచే చదివించిన గ్రంథాలయము ఇక ఊరిచే వ్రాయించునుగాక! వాగు కావలి గూడెపు తల్లి మాట తేదీతో సహా శాసనసభ దస్తరములలో చేరునుగాక!

జైహింద్!