రాత శిక్షణకు పేరిచ్చే ముందు



ఈమధ్య చాలామంది సభ్యులు "మాకూ రాయడం నేర్పించండి" అని అడుగుతున్నారు. సంతోషం. అయితే రాత శిక్షణలన్నీ ఒకటి కావు. మనకేది కావాలో తేల్చుకోకుండా పేరిస్తే రెండు రోజుల కూలి పోతుంది, చేతికి ఒక ఫైలూ పెన్నూ మిగులుతాయి.

చదువు ఊరికే పోదని మనకు తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత పాఠాలు చదివిన ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం జిల్లాలు దాటింది, 1993లో సారా నిషేధం వచ్చింది. చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలే విలేకరులై 'నవోదయం' పత్రిక నడిపారు. పాఠం చదివి పోరాడటం ఒక పని, వార్త రాయడం ఇంకో పని. నేర్చుకునే పద్ధతీ వేరే.

అందుకని ముందు "నేనెందుకు రాయాలి?" అని అడుక్కోండి. తీర్మానాల పుస్తకం, అర్జీ రాయాలనుకుంటే కథల శిక్షణ అక్కరకు రాదు. మన పుస్తకాలే ముందు పెట్టుకుని రాయించే చోటికి వెళ్లండి. ఎవరో రాసినదాని కింద సంతకం పెట్టే రోజులు పోవాలంటే ఇదే ముఖ్యం. ఊళ్లో నీళ్ల సంగతి, రేషన్ సంగతి పదిమందికీ తెలియాలంటే వార్త రాయడం నేర్పేది చూడండి. మన బతుకే కథగా రాయాలని ఉంటే, రాసింది కూర్చుని చదివి, ఎక్కడ బాగుందో ఎక్కడ తప్పిందో చెప్పేవాళ్లు కావాలి. హాల్లో వందమందిని కూర్చోబెట్టి ఉపన్యాసమిస్తే ఆ పని జరగదు.

తర్వాత మన వీలు చూసుకోవాలి. నాట్లు, కోతల రోజుల్లో పెడుతున్నారా? సాయంత్రం ఆఖరి బస్సు అందుతుందా? చంటిబిడ్డతో రావచ్చా? దారిఖర్చులెవరివి? అక్షరాలు అంతగా రానివాళ్లు నోటితో చెబితే రాసిపెడతారా? ఇవి అడగడానికి మొహమాటపడొద్దు. ఫోనులో నేర్పుతామంటే, ఫోను మన చేతిలో ఎంతసేపు ఉంటుందో కూడా లెక్కేసుకోండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. "మీ కథ పుస్తకంలో వేస్తాం, ఇంత కట్టండి" అంటే ఆ డబ్బు దేనికో, ఎన్ని పుస్తకాలిస్తారో కాగితం మీద రాయించుకోండి. అలాగే ఇంట్లో పడ్డ దెబ్బల గురించి రాసినప్పుడు, అది ఎవరు చదువుతారు, పేరు వేస్తారా, వద్దంటే తీసేస్తారా అని ముందే తెలుసుకోండి. అచ్చయ్యాక తిరిగి ఆ ఇంట్లోనే ఉండాల్సింది మనం.

శిక్షణ అయిపోయాక నెలకోసారైనా మన రాతలు చూసేవాళ్లు ఉంటే అది మంచి శిక్షణ. లేకపోతే నలుగురు కలిసి, సంఘం మీటింగు అయ్యాక ఓ అరగంట కూర్చుని ఒకరిది ఒకరు చదువుకోండి. దానికి ఖర్చేమీ లేదు.

వచ్చే సమావేశంలో ప్రతి సంఘం తమ సభ్యుల్లో ఎవరికి ఏ రాత కావాలో, ఏ నెలలో వీలవుతుందో తీర్మానంలో రాసి పంపాలి. దాన్నిబట్టే సమాఖ్య శిక్షణ అడుగుతుంది. మనకు తగ్గ శిక్షణను మనమే అడిగి తెచ్చుకుందాం.