మెరుగుపెట్టిన తుపాకి

వయస్సు పెరిగినకొలది పాతవస్తువునకు వెలయు పెరుగునని మనము తలంతుము. అమెరికాలో జరుగు పురాతన ఆయుధముల వేలములను గమనించినచో ఇది సగము సత్యమేయని తెలియును.

1873లో కోల్ట్ కంపెనీ వెలువరించిన రివాల్వరునే దృష్టాంతముగా తీసికొందము. సాధారణముగా దాని గొట్టమునకు నీలిపూతయు, నడిమి చట్రమునకు నీలి గోధుమవన్నెలు కలగలిసిన ఛాయయు ఉండెడివి. కాలక్రమమున ఇవి మాయును. తాతగారి వస్తువు తళతళలాడవలెనని వారసుడు దానిని రుద్దించి, క్రొత్తపూత పూయించును. నష్టమక్కడనే ఆరంభమగును. రుద్దుటచే అంచులు మొద్దుబారును. చెక్కిన అక్షరములు లోతు కోల్పోవును. అరిగిన లోహమును మరల తేగలవారెవరు?

రెండవ కారణము భాగముల మార్పు. చట్రముమీదను, ట్రిగ్గరు చుట్టునున్న కమ్మిమీదను, పిడి వెనుకపట్టెమీదను ఒకే వరుససంఖ్య ఉండవలెను. ఒక్కటి వేరైనను కొనువారు వెనుకాడుదురు.

మూడవది ఆధారముల లేమి. 1881లో బిల్లీ ది కిడ్ అను బందిపోటును షెరీఫ్ పాట్ గారెట్ కాల్చిన కోల్ట్ రివాల్వరు 2021లో లాస్ ఏంజెలెస్‌లో బాన్‌హామ్స్ వారి వేలమున 60 లక్షల డాలర్లకు పైగా పలికినది. ఆ తరహా రివాల్వరే మరియొకటి ఉన్నను, పత్రములు లేక వట్టి కథయే తోడుగా వచ్చినచో అంత వెల పలుకదు.

కొనువారు వెలకట్టునది ఇనుమునకు కాదు, సాక్ష్యమునకు. తుప్పు పెరుగకుండ పలుచగా నూనె రాయుట సంరక్షణము. కాలము వ్రాసిన గురుతులను గీకివేయుట సంరక్షణము కాదు. పాతపెట్టెలోని చినిగిన రసీదును పారవేయుటకు ముందుకూడ ఒక్కమారు ఆలోచింపవలెనని మా మనవి.