ఎలా తెలిసింది?

నవల చదివేటప్పుడు తర్వాత ఏమైందని ఆత్రపడతాం. నిజంగా జరిగిన చరిత్రను కథలా చెప్పే పుస్తకాన్ని ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఇది రాసినాయనకు ఎలా తెలిసింది? అది అలవాటైతే ఈ రచనల రుచి పట్టుబడుతుంది.

ఉదాహరణకు, న్యూయార్కర్ పత్రిక 1946 ఆగస్టు 31 నాటి సంచిక మొత్తాన్నీ జాన్ హెర్సీ రాసిన ‘హిరోషిమా’కే ఇచ్చేసింది. అణుబాంబు బలమెంతో చెబుతూ మొదలుపెట్టడు ఆయన. బాంబు పడిన ఉదయం ఎనిమిదింపావుకి ఆఫీసులో ఒక గుమాస్తా అమ్మాయి పక్కనున్న అమ్మాయిని పలకరిద్దామని తల తిప్పింది. ఎలా తెలిసింది? ఆమే చెప్పింది. బతికి బయటపడ్డ ఆరుగురిని అడిగి రాశాడు. ఎక్కడా గొంతు పెంచడు. అంత ఘోరాన్ని అంత మామూలు మాటల్లో చెప్పాడు కనుకే చదివినవాళ్లకు నిద్ర పట్టదు.

ఆ బాంబు వేసిన విమానం బి-29. ఆ రకం విమానాలు మొదటిసారి యుద్ధానికి లేచింది మన ఖరగ్‌పూర్ చుట్టుపక్కల రన్‌వేల మీంచే: 1944 జూన్ 5న, బ్యాంకాక్ మీదికి. వాటి ప్రధాన కార్యాలయం హిజ్లీలో, ఖరగ్‌పూర్‌లోని ఇందా నుంచి సైకిలు మీద వెళ్లొచ్చేంత దూరంలో ఉండేది. 1931 సెప్టెంబరు 16న ఖైదీలు సంతోష్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా తూటాలకు బలైన నిర్బంధ శిబిరం అదే. 1951లో ఐఐటీ మొదలైందీ అక్కడే. ఈ చరిత్ర నేను రాస్తే ఆ భవనాన్నే కథానాయకుణ్ణి చేస్తాను. ఆ విమానాల దళాన్ని నడిపిన జనరల్ కర్టిస్ లెమే అంటారా, 1944 ఆగస్టులో వచ్చి జనవరికల్లా వెళ్లిపోయాడు.

చిక్కంతా ఇక్కడుంది. లెమే విమానాల దాడులకు నివేదికలున్నాయి. ఆ రోజుల్లో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో షిఫ్టుకెళ్లిన మన శ్రీకాకుళం ఫిట్టరు తలమీద ఆ మోత విని ఏమనుకున్నాడో ఏ ఫైల్లో ఉంటుంది? సర్వీసు రిజిస్టరులో జీతం, సెలవులు దొరుకుతాయి, మనసు దొరకదు. చేతకాని రచయిత అక్కడ సొంత డైలాగు పెట్టేస్తాడు. చేతనైనవాడు ఆ ఇంటి తలుపు తట్టి మనవల్ని అడుగుతాడు. వాళ్లు చెప్పినదాన్ని ఇంట్లో అనుకునే మాటగానే రాస్తాడు. ఏమీ దొరక్కపోతే, దొరకలేదని రాసి ముందుకెళతాడు.

ఈ వారం అలాంటి పుస్తకం ఒకటి తెరవండి. మనిషి మనసులోని మాట వచ్చినచోటల్లా పెన్సిలుతో గీత పెట్టి, దానికి ఆధారం ఉత్తరమా, డైరీయా, సాక్షా అని వెతకండి. ఏదీ కనిపించకపోతే ఆ పేరాను కల్పన కింద జమకట్టేయండి.